ట్రంకు పెట్టె సర్దేముందు

మిరప డబ్బు చేతికొచ్చే వేళకే అడ్మిషన్ల బండ్లు ఊళ్లోకి వస్తాయి. తొమ్మిదేళ్ల పిల్లాణ్ని పల్లెటూరి రెసిడెన్షియల్ బడిలో వెయ్యాలా, వద్దా? గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇంటింటా నడుస్తున్న చర్చ ఇది.

జులైలో ఒక ఆదివారం. చిలకలూరిపేట నుంచి నరసరావుపేట వెళ్లే దారిలో, పత్తి చేల మధ్య ఓ రెండంతస్తుల భవనం. విత్తనం పెట్టి మూడు వారాలైనట్టుంది, సాళ్లు ఇప్పుడిప్పుడే కనబడుతున్నాయి. పది గంటలకు గాని గేటు తియ్యరు. ఎనిమిదింటికే ఆటోలు, మోటారుసైకిళ్లు, ఒక ట్రాక్టరు ట్రక్కు వచ్చి వేపచెట్టు కింద ఆగాయి. దిగినవాళ్ల చేతుల్లో స్టీలు క్యారియర్లు, జంతికల డబ్బాలు, సబ్బులు పెట్టిన గుడ్డ సంచులు.

గేటు తీయగానే ఐదో తరగతి కుర్రాడొకడు పరుగున వచ్చి అమ్మమ్మ పక్కన కూలబడ్డాడు. ఆమె కోడికూర కలిపి పెడుతుంటే గబగబా మింగుతున్నాడు.

"అన్నం సరిగ్గా పెడతన్నారా?"

"పెడతన్నారు."

"మరి ఇట్టా చిక్కిపోయావేందిరా నాయనా?"

దానికి జవాబు లేదు. నాలుగు ముద్దలయ్యాక వాడే అడిగాడు: "మన గేదె ఈనిందా అమ్మమ్మా?" నాలుగు రోజుల కిందటే ఈనింది. దూడ ఏ రంగో, నుదుట చుక్క ఉందో లేదో, పాలు తాగుతోందో లేదో అన్నీ చెప్పించుకున్నాడు. తండ్రి ఆ పక్కనే నిలబడి గోడ మీది ఫ్లెక్సీ చూస్తున్నాడు. దాని నిండా పాస్‌పోర్టు ఫొటోలు, ఫొటోల కింద హాల్‌టికెట్ నంబర్లు. పోయినేడు ఈ బడి నుంచి నవోదయలో, గురుకులంలో, సైనిక్ స్కూల్లో సీట్లు కొట్టిన పిల్లలు. వచ్చే ఏడు ఆ వరసలో తన కొడుకు ఫొటో చూసుకోవాలన్నదే ఆయన ఆశ.

ఇంగ్లండులో ఇలాంటి బళ్లను 'ప్రెప్ స్కూల్' అంటారు. పెద్ద బడిలో సీటుకు పిల్లల్ని తయారుచేసి పంపే చిన్న బడి అన్నమాట. మన దగ్గర వీటికి ప్రత్యేకంగా పేరేమీ పెట్టలేదు. 'కోచింగ్ హాస్టల్' అనో, 'నవోదయ బడి' అనో జనమే పిలుచుకుంటున్నారు.

యార్డుకూ బడికీ లంకె

గుంటూరు మిర్చి యార్డుకు జనవరి నుంచి కొత్త కాయ రావడం మొదలవుతుంది. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి టిక్కీలు (మిరప బస్తాలు) దించడానికి చోటుండదు. సరిగ్గా అప్పుడే ప్రైవేటు బళ్ల పీఆర్వోలు బండ్లెక్కి పల్లెల్లోకి దిగుతారు. ఎవరి కల్లంలో ఎంత కాయ ఆరుతోందో, ఎవరింట్లో నాలుగో తరగతి పిల్లలున్నారో వాళ్లకు ముందే తెలుసు. "ఇప్పుడు అడ్వాన్సు కడితే ఫీజులో తగ్గిస్తాం" అన్న మాట కాటా డబ్బు ఇల్లు చేరకముందే గుమ్మంలో వినబడుతుంది.

కాయ ధర బాగుంటే ఇంట్లో ఎవరూ పెద్దగా ఆలోచించరు. చిక్కంతా ధర పడినప్పుడే. రెండేళ్లపాటు మంచి రకాలు క్వింటా 20 వేలు దాటి పలికిన తర్వాత రేటు కుప్పకూలింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. ఏడాది ఫీజు లక్ష అనుకుందాం. క్వింటా 20 వేలున్నప్పుడు ఐదు క్వింటాళ్లు అమ్మితే తీరిపోతుంది. 11,781 అయితే ఎనిమిదిన్నర క్వింటాళ్లు అమ్మాలి. ధర లేదని సరుకు ఏసీలో, అంటే శీతల గిడ్డంగిలో పెట్టుకున్న రైతుకు ఇంకో తిప్పలు. మే రెండో వారం ప్రాంతంలో యార్డుకు వేసవి సెలవులిస్తారు, తెరిచేది జూన్‌లో. జూన్ 12న బళ్లు తెరిచేసరికి ఆయన జేబులో ఏసీ బాండు కాగితమే ఉంటుంది. దాని మీద అప్పు తెచ్చి మొదటి టర్మ్ ఫీజు కడతాడు.

ఇంత కష్టపడి పిల్లల్ని బయటికి పంపడమెందుకు? ఊళ్లలో అడిగితే ఎక్కువగా వినబడేది ఇంగ్లిషు మీడియం గురించి కాదు. "పొద్దున ఆరింటికి చేలోకి పోతాం, చీకటి పడ్డాక వస్తాం. వాడిని కూచోబెట్టి చదివించేదెవరు?" అన్న ప్రశ్న. పత్తి తీతలు దసరా నాటికి మొదలై సంక్రాంతి దాకా సాగుతాయి. అవి ముగియకముందే మిరప కోతలు అందుకుంటాయి. బడి ఏడాదిలో ముఖ్యమైన నెలలన్నీ అమ్మానాన్నలకు ఊపిరాడని నెలలే. కౌలు రైతు ఇంట్లోనైతే ఆ కాస్త ఊపిరీ ఉండదు.

తాడికొండ నేర్పిన ఆశ

పల్లె పిల్లాడికి హాస్టల్ చదువు కలిసొస్తుందన్న నమ్మకం ఈ నేలకు ఊరికే రాలేదు. 1922లోనే ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరులో శారదా నికేతనం పెట్టి ఆడపిల్లలకూ వితంతువులకూ వసతితో పాటు చదువు చెప్పించారు. తర్వాత యాభై ఏళ్లకు ప్రభుత్వం ఆ పని చేతుల్లోకి తీసుకుంది. పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971 నవంబరు 23న నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. మరుసటి ఏడాది రాయలసీమకు కొడిగెనహళ్లిలో, కోస్తాకు గుంటూరు పక్కనే ఉన్న తాడికొండలో ఒక్కొక్కటి వచ్చాయి.

తాడికొండలో సీటంటే ఆ రోజుల్లో ఊరంతా చెప్పుకునే సంగతి. చెప్పులు లేని పిల్లాడు ఐఏఎస్ అయి తిరిగొచ్చిన కథలు అక్కడి నుంచే పుట్టాయి. 1984లో సాంఘిక సంక్షేమ గురుకులాలు, 1986 జాతీయ విద్యా విధానంతో నవోదయ విద్యాలయాలు వచ్చాయి. పాత గుంటూరు జిల్లాకు చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో నవోదయ పెట్టారు. పాత ప్రకాశానికి ఓగూరులో ఒకటి, తర్లుపాడు మండలం కలుజువ్వలపాడులో ఒకటి, మొత్తం రెండు దక్కాయి. విజయనగరం పక్కన కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచీ ఉండనే ఉంది.

ఇవన్నీ మంచి బళ్లు, తక్కువ సీట్లు. సీట్లు తక్కువైన చోట తయారుచేసే వ్యాపారం తప్పకుండా పుడుతుంది. కోస్తాలో దీనికి మొదట పేరు మోసింది గుడివాడ. సైనిక్ స్కూలు, గురుకులం పరీక్షల కోసం గుంటూరు, ప్రకాశం పిల్లల్ని కృష్ణ దాటించి గుడివాడ హాస్టళ్లలో వేసిన తరం ఇప్పుడు అమ్మమ్మలు, తాతయ్యల వయసులో ఉంది. తర్వాత ఆ పద్ధతి ఇటు పక్క పల్లెలకూ పాకింది. ఒక రిటైర్డ్ మాస్టారో, బీఈడీ చేసి ఉద్యోగం రాని ఇద్దరు మిత్రులో పదిహేను గదుల ఇల్లు అద్దెకు తీసుకుని బోర్డు పెట్టేస్తారు. కరస్పాండెంటు పైఅంతస్తులో కాపురముంటాడు, వంటశాల ఆయన భార్య చూసుకుంటుంది.

నవోదయ లెక్క (బాక్స్)

ఆరో తరగతి ప్రవేశానికి పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. ఐదో తరగతి మళ్లీ చదివించి రాయిస్తే చెల్లదు. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 40 ప్రశ్నలు బొమ్మల మేధాశక్తి మీద, 20 లెక్కలు, 20 భాష. తప్పు రాస్తే మార్కులు కోయరు. తెలుగులో రాయొచ్చు. ఒక్కో విద్యాలయంలో గరిష్ఠంగా 80 సీట్లు, వాటిలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే, మూడో వంతు ఆడపిల్లలకు. పల్లె కోటా దక్కాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ ప్రాంతపు బడిలోనే చదివి ఉండాలి. పిల్లాడు ఏ జిల్లాలో ఐదో తరగతి చదువుతుంటే ఆ జిల్లా నవోదయకే దరఖాస్తు. చదువు, వసతి, భోజనం ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి కొన్ని వర్గాల పిల్లలు మాత్రం నెలకు 600 రూపాయల వికాస్ నిధి కట్టాలి.

కోచింగ్ కోసం కోటా పోగొట్టుకోవడం

ఆ బాక్సులోని పల్లె కోటా, జిల్లా నిబంధనలు రెండూ చదివితే చాలామంది తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. నవోదయ సీటు కోసమని పిల్లాణ్ని నాలుగో తరగతిలోనే టౌను హాస్టల్లో వేస్తే, ఆ పని వల్లే పల్లె కోటా చేజారుతుంది. జిల్లా దాటిస్తే మద్దిరాల మీద ఆశ వదులుకోవాల్సిందే. ఊళ్లోని సర్కారు బడిలో చదువుతూ, సాయంత్రం ఎవరైనా మాస్టారి దగ్గర బొమ్మల ప్రశ్నలు నేర్చుకునే పిల్లాడికి ఈ పరీక్షలో కోటా రీత్యా పైచెయ్యి. నవోదయలు పెట్టిందే అలాంటి పిల్లల కోసం.

దీనికి కొన్ని హాస్టళ్లు కనిపెట్టిన విరుగుడు, పేరు పక్క ఊరి బడి రిజిస్టరులో, పిల్లాడు మాత్రం హాస్టల్లో. సీటు వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలనలో ఇది బయటపడితే ఆ సీటు ఊడుతుంది. హాస్టలుకు ఫీజు ఎలాగూ ముట్టింది కనుక దాని నష్టమేమీ ఉండదు.

సైనిక్ స్కూలు పరీక్ష తీరు వేరు. ఆరో తరగతికి 300 మార్కులు, అందులో సగం లెక్కలవే. వయసు పదికీ పన్నెండుకీ మధ్య ఉండాలి. 2021-22 నుంచి ఆడపిల్లలూ రాస్తున్నారు. దీనికి కాస్త గట్టి కోచింగే కావాలన్నది నిజం. ఐదో తరగతి గురుకుల ప్రవేశానికైతే బడిలో పాఠం శ్రద్ధగా చెప్పే టీచరుంటే సరిపోతుంది. మూడు పరీక్షలకూ కలిపి ఒకే 'ప్యాకేజీ' అమ్ముతున్నారంటే పిల్లాడి అవసరం చూసి వేసిన లెక్క కాదది.

ఫ్లెక్సీ మీది పిల్లలు

"మీవాడు తెలివైనవాడు, ఫీజు సగం కట్టండి చాలు." ఈ మాట విన్న తండ్రికి ఛాతీ ఉప్పొంగుతుంది. ఉప్పొంగే ముందు వందేళ్ల కిందటి ఒక కుర్రాడి సంగతి తెలుసుకోవాలి.

బిహార్‌లోని మోతీహారిలో 1903లో పుట్టిన ఎరిక్ బ్లెయిర్‌ను 1911లో, ఎనిమిదేళ్ల వయసులో ఇంగ్లండులోని ఈస్ట్‌బోర్న్‌లో సెయింట్ సిప్రియన్స్ అనే ప్రెప్ స్కూలు హాస్టల్లో చేర్చారు. తండ్రి చిన్న ఉద్యోగి, ఫీజు భరించే స్తోమత లేదు. బడి యజమానులు ఫీజు తగ్గించి చేర్చుకున్నారు. కుర్రాడు ఈటన్‌లో స్కాలర్‌షిప్పు కొడితే బడికి పేరొస్తుందన్నది వాళ్ల లెక్క. కొట్టాడు కూడా. ఆ తర్వాత జార్జ్ ఆర్వెల్ అన్న పేరుతో ప్రపంచానికి తెలిశాడు. ఆ బడి గురించి పెద్దయ్యాక రాసిన వ్యాసంలో, చేరిన కొత్తలో రాత్రిళ్లు పక్క తడిపినందుకు తిన్న దెబ్బల్ని, తగ్గించిన ఫీజును పదేపదే ఎత్తిపొడిచిన తీరును రాశాడు. అది ఆయన చనిపోయాక 1952లో అమెరికాలో అచ్చయింది. పరువు నష్టం దావాల భయంతో బ్రిటన్‌లో 1968 దాకా వేయలేదు.

మన ఫ్లెక్సీల కిందా ఇదే లెక్క నడుస్తోంది. సగం ఫీజు పిల్లలు ఫొటోలకు, నిండు ఫీజు పిల్లలు బడి నడవడానికి. మొదటి వాళ్లకు స్పెషల్ బ్యాచ్, మంచి మాస్టార్లు. రెండో వాళ్లకు గైడు పుస్తకాలు. అడ్మిషన్లప్పుడు ఫ్లెక్సీ చూసి మురిసేవాళ్లు ఒక్క ప్రశ్న వేస్తే చాలు: ఎంతమంది రాస్తే ఇంతమందికి వచ్చింది? ఫ్లెక్సీ మీద ఆ అంకె ఎవరూ అచ్చు వెయ్యరు.

బెంగ

మొదటి పదిహేను రోజులు ఏ హాస్టల్ వార్డెన్‌కైనా గండమే. పగలంతా బాగానే ఉంటారు. దీపాలార్పాక మొదలవుతుంది. కడుపులో నొప్పి అంటారు, తలనొప్పి అంటారు, పొద్దున్నే దుప్పటి దాచేస్తారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఏమీ లేదంటారు. ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు, దాని పేరు బెంగ.

చాలామంది పిల్లలు నెలలోపు సర్దుకుంటారు. సర్దుకున్నట్టు కనబడి లోపల ముడుచుకుపోయే పిల్లలూ ఉంటారు. చిన్నతనంలోనే హాస్టళ్లలో పెరిగిన పెద్దవాళ్లకు వైద్యం చేసిన బ్రిటిష్ మానసిక చికిత్సకురాలు జాయ్ షావరీన్ ఈ స్థితికి 'బోర్డింగ్ స్కూల్ సిండ్రోమ్' అని పేరు పెట్టి 2015లో పుస్తకం రాశారు. అక్కడి సంపన్నుల సంగతి మనకెందుకని తోసేయనక్కర్లేదు. తొమ్మిదేళ్ల పిల్లాడికి రాత్రి తొమ్మిదింటికి అమ్మ కావాలనిపించడం ఏ దేశంలోనైనా ఒకటే.

దీనికి తోడు గజ్జి, పేలు, ఉప్పు నీళ్లతో స్నానం. ముప్పై మందికి మూడు మరుగుదొడ్లుంటే పొద్దున ఐదింటికి లేపేది చదువు కోసమా, వరస కోసమా అన్నది వార్డెన్‌కే తెలియాలి.

హాస్టలే ఇల్లయ్యే చోట

అయితే హాస్టలనగానే కీడని తేల్చేస్తే అన్యాయం చేసినట్టే. పడమటి ప్రకాశంలో ఎర్రగొండపాలెం, పొదిలి, కనిగిరి పల్లెల నుంచి, ఇంకా దూరాన కర్నూలు పడమటి మండలాల నుంచి కూలీ కుటుంబాలు పత్తి తీతలకు, మిరప కోతలకు గుంటూరు, పల్నాడు చేలకు వస్తాయి. ముఠా మేస్త్రి బండి కట్టిస్తే ముసలివాళ్లను ఇంటి దగ్గర వదిలి మిగతా అందరూ ఎక్కుతారు. పిల్లలూ వస్తారు. చేను గట్టు మీద పట్టా కప్పిన గుడిసెలో నాలుగు నెలలు గడుపుతారు. పదేళ్ల ఆడపిల్ల చెల్లిని ఎత్తుకుని వంట చేస్తుంది, లేదంటే తనూ ఒక సాలు పట్టి కాయ కోస్తుంది. ఊరికి తిరిగి వెళ్లేసరికి బడి ఏడాది అయిపోతుంది.

ఈ పిల్లల కోసమే సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. తల్లిదండ్రులు వలస పోయిన నెలల్లో పిల్లలు సొంత ఊళ్లోనే ఉండి సొంత బడికే వెళ్తారు. మధ్యలో చదువు మానేసిన ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలున్నాయి. మూడు పూటలా భోజనం, చేతికందే పుస్తకం, తలుపు గడియ ఉన్న గది ఆ పిల్లకు ఇంటి కంటే మెరుగు. హాస్టలు అవసరమా అన్న ప్రశ్నకు జవాబు ఇంటిని బట్టి మారుతుంది. ఇంట్లో అమ్మమ్మ, ఊళ్లో బడి ఉన్న పిల్లాడికీ, గట్టు మీది గుడిసెలో నిద్రపోయే పిల్లకూ ఒకే సలహా ఇవ్వలేం.

చిన్న బడిలో ఏం చూడాలి

చిన్న బడికి ఒక సుగుణముంది. కరస్పాండెంటుకు ప్రతి పిల్లాడి పేరూ తెలుసు. వంకాయ తిననివాడెవడో ఆయన భార్యకు తెలుసు. వెయ్యి మంది ఉన్న కార్పొరేట్ క్యాంపస్‌లో ఇది దొరకదు. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషీ వ్యాలీ స్కూలు పేరు దేశమంతా వినబడడానికి ఒక కారణం, పిల్లల్ని కొద్దిమంది చొప్పున ఇళ్లుగా విడదీసి, ఒక్కో ఇంట్లో ఉపాధ్యాయులను కాపురముంచడం. అదే సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలు ఇల్లు కదలకుండా చదువుకునే చిన్న బళ్లు నడపడం ఇంకా పెద్ద విశేషం.

చిన్న బడికి ఉన్న లోపమూ అది చిన్నది కావడం వల్లే వస్తుంది. అంతా ఒక్క కుటుంబం చేతిలో ఉంటుంది. ఆ కుటుంబం మంచిదైతే సరే, కాకపోతే పిల్లాడి మాట వినేవాళ్లుండరు. అందుకే చూడటానికి వెళ్లేటప్పుడు ఆదివారం పగలు వెళ్లొద్దు, చెప్పి వెళ్లొద్దు. మామూలు రోజు, రాత్రి భోజనాల వేళ వెళ్లాలి. పిల్లల మధ్య పడుకునే పెద్ద మనిషి ఎవరు, ఎన్నాళ్లుగా పనిచేస్తున్నాడు, ఆడపిల్లల వైపు ఆడ వార్డెన్ ఉందా అని అడగాలి. జ్వరమొస్తే ఏ ఆసుపత్రికి, ఏ బండి మీద అన్నదానికి వెంటనే సమాధానం రావాలి. పిల్లాడు ఇంటికి ఫోన్ చేసేటప్పుడు పక్కన ఎవరైనా నిలబడతారా? నిలబడతారంటే వెనక్కి తిరిగి రావడమే మంచిది. పోయినేడు చేరి మధ్యలో మానేసిన పిల్లల ఇళ్లు కనుక్కుని ఆ తల్లిదండ్రులతో మాట్లాడితే పది ఫ్లెక్సీలు చెప్పనిది తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు అడగాల్సిన మనిషి ఇంకొకడున్నాడు. పిల్లాడు. వాడికి వెళ్లాలనుందా?

చట్టం ఏమంటుంది (బాక్స్)

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా, ఆపకపోతే రోజుకు 10 వేల దాకా జరిమానా. క్యాపిటేషన్ ఫీజు తీసుకుంటే దానికి పది రెట్ల వరకు జరిమానా. కొట్టడం, మానసికంగా వేధించడం 17వ సెక్షన్ కింద నిషేధం. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ నంబరుంటుంది, ఆంధ్రప్రదేశ్‌లో అది 28తో మొదలవుతుంది. రసీదు మీద బడి పేరూ యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లోని పేరూ ఒకటేనా కాదా చూసుకోవాలి. పిల్లలు ఆపదలో ఉంటే 1098కి ఫోన్ చేయొచ్చు.

ఒక్క ఏడాది ఆగితే

నాలుగు, ఐదు తరగతుల పిల్లాడికి ఇంట్లో చూసుకునే మనిషి ఒక్కరున్నా, ఊళ్లోనో పక్క ఊళ్లోనో మంచి టీచరున్నా, హాస్టల్ ఆలోచన ఆరో తరగతి దాకా వాయిదా వేయడమే మేలు. అప్పటికి వాడికి నవోదయో, గురుకులమో వస్తే ప్రభుత్వ ఖర్చుతోనే వెళ్తాడు. రాకపోతే పన్నెండేళ్లకు దగ్గరపడిన పిల్లాడు ఇంటికి దూరంగా ఉండటాన్ని తొమ్మిదేళ్లప్పటి కంటే బాగా తట్టుకుంటాడు. ఇద్దరు ముగ్గురు ఇళ్లవాళ్లు కలిసి ఊళ్లోని నిరుద్యోగ డిగ్రీ కుర్రాడికి నెల జీతమిచ్చి సాయంత్రాలు చదువు చెప్పించుకుంటే ఆ ఖర్చు హాస్టల్ ఫీజులో చిన్న భాగమే అవుతుంది. మిరప ధర పడిన ఏడు ఆ తేడా ఇంటికి తెలుస్తుంది.

పీఆర్వో చేతిలో అడ్వాన్సు పెట్టేముందు ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోండి. నవోదయ దరఖాస్తుకు రుసుము లేదు, ఆన్‌లైన్‌లో మీరే నింపుకోవచ్చు, మధ్యలో ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు. ఆరో తరగతిలో సీటు రాని పిల్లాడు ఎనిమిదో తరగతి చదువుతుండగా తొమ్మిదిలోని ఖాళీల కోసం జరిగే ప్రవేశ పరీక్ష రాయొచ్చు.